పన్ను మీద పన్ను

పళ్ల డాక్టరమ్మకు మనుషుల ముఖాలు గుర్తుండవు, నోళ్లు గుర్తుంటాయి. దారిలో ఎవరైనా నమస్కారం పెడితే తెల్లమొహం వేసుకుని నిలబడుతుంది. వాళ్లు నవ్వగానే మాత్రం, "అయ్యో, మీరా! ఆ కుడివైపు దవడపన్ను మళ్లీ సలపడం లేదు కదా?" అని ఆప్యాయంగా పలకరిస్తుంది. అలాంటి మనిషికి ఆ రోజు వచ్చిన పేషెంటు ఎవరో, తలుపవతల నుంచి "లోపలికి రావచ్చునా?" అన్న ఒక్క మాటతోనే తెలిసిపోయింది.

ఆయన రేడియోలో వార్తలు చదివి రిటైరైన పెద్దమనిషి. డాక్టరమ్మ చిన్నప్పుడు సాయంత్రం పూట ఆ గొంతు మొదలైందంటే ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేయడానికి జంకేవి. ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు, ఆ ఇంట్లో ఆయన వార్తలాయన. శ, ష, స అనే మూడు అక్షరాలనూ మూడు వేర్వేరు మనుషుల్లా నిలబెట్టి పలుకుతాడని వాళ్ల నాన్న తెగ మురిసిపోయేవాడు.

వార్తలాయన జేబురుమాలు విప్పి, రెండు ముక్కలైన పై పళ్ల సెట్టును బల్ల మీద పెట్టాడు.

"మొహం కడుక్కుంటుంటే చెయ్యి జారిందమ్మా. పాతికేళ్ల కాపురం, తొట్లో పడి రెండు ముక్కలైంది."

"మీకెందుకండీ బెంగ? ఇంతకంటే మంచి సెట్టు కట్టిస్తాను" అంది డాక్టరమ్మ, తనకే సన్మానం జరుగుతున్నంత సంబరంగా.

కొలతలు తీసింది, మైనం మీద పళ్లు పేర్చి చూపించింది, రంగు ఆయన వయసుకు తగ్గట్టు ఎంచింది. సెట్టు తయారై నోట్లో కూర్చుంది. ఫీజు దగ్గరికొచ్చేసరికి వార్తలాయన నీళ్లు నమిలాడు.

"నగదు ఇప్పుడు సర్దుబాటు కాలేదమ్మా. కాయిన్లయితే ఉన్నాయి."

"చిల్లరా?"

"చిల్లర కాదు, క్రిప్టో. ఈమధ్య ఒక కాయిన్ కంపెనీవాళ్లు ప్రకటనకి నా గొంతు వాడుకున్నారు. 'నమ్మకం' అన్న మాట నాలుగు రకాలుగా చదివించుకుని, చేతిలో నలభై కాయిన్లు పెట్టారు. చేతిలో అంటే, ఫోన్లో. ఇవాళ్టి ధర ప్రకారం సరిగ్గా మీ ఫీజు."

ఇంకెవరైనా అడిగుంటే డాక్టరమ్మ ససేమిరా అనేది. వార్తలాయన అడిగాడు కాబట్టి ఫోన్లో ఆ యాప్ దింపుకుంది. ఆయన ఏదో నొక్కాడు, ఈమె ఏదో నొక్కింది, ఫోను కిచకిచమంది, నలభై అన్న అంకె ఇటు వచ్చింది. రసీదులో ఏం రాయాలో తెలియక 'ముట్టింది' అని రాసి సంతకం పెట్టింది.

వారం తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చాడు. "అమ్మా, 'స' సరిగా పలకడం లేదు. ఈల వేసినట్టుంది" అన్నాడు. బయట కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఒక పిల్లవాడు పన్ను పీకకముందే వీధంతా వినిపించేలా ఏడుస్తున్నాడు. డాక్టరమ్మ సెట్టు అటూ ఇటూ కదిపి చూసి, "కొత్త చెప్పులైనా నాలుగు రోజులు కరుస్తాయి కదండీ. అలవాటైపోతుంది" అని పంపేసింది.

తర్వాత ఆ కాయిన్ ధరకు పూనకం వచ్చింది. ఎక్కడో ఎవరో పెద్ద వ్యాపారి దాని గురించి ఒక మంచి మాట అన్నాడట, ఇంకెవరో ఔనన్నాడట, ధర నిచ్చెన వేసుకుని ఆకాశానికెక్కింది. డాక్టరమ్మ ఫోన్లో ఊరికే పడున్న నలభై కాయిన్లకు ఇప్పుడు క్లినిక్కులోని కుర్చీ, ఎక్స్‌రే మిషను, ఏసీ అన్నీ కొత్తవి వచ్చి ఇంకా మిగులుతుంది. ఈ సంగతి ఆమెకు తెలియనే తెలియదు. వార్తలాయనే వచ్చి చెప్పాడు, అదీ పళ్ల డబ్బా చేత్తో పట్టుకుని.

"మీ పళ్లు మీరు తీసుకోండమ్మా. నా కాయిన్లు నాకిచ్చేయండి."

బోసి నోటితో అన్నా మాట స్పష్టంగానే ఉంది. డాక్టరమ్మ ఆ రోజు ధర చూసింది. కళ్లు తేలేసింది.

"మీరిచ్చింది నా ఫీజు అంతే కదండీ? నచ్చకపోతే ఆ ఫీజు తిరిగిచ్చేస్తాను. దానికేం."

"నేను ఫీజు ఇవ్వలేదు. నలభై కాయిన్లిచ్చాను."

"నేను చేసింది మంచి సెట్టు."

"నోట్లో పెట్టుకుని తిరుగుతున్నది నేను!"

మాటా మాటా పెరిగింది. గొంతును పూజించిన మనిషీ, ఆ గొంతున్న మనిషీ ఒకరి మొహం ఒకరు చూడకుండా విడిపోయారు. కొన్నాళ్లకు వినియోగదారుల కోర్టు నుంచి డాక్టరమ్మకు నోటీసు వచ్చింది.

ఆమె నోటీసు పట్టుకుని అక్కావాళ్లింటికి పరిగెత్తింది. అక్క మొగుడు పన్నుల ఆడిటరు. ఆయనకు లెక్కలంటే ఎంత ఇష్టమో మరదల్ని ఆటపట్టించడమన్నా అంతే ఇష్టం.

"రా మరదలా. ఎప్పటికైనా నా దగ్గరికి వస్తావని తెలుసు. మనిద్దరి వృత్తీ ఒకటే కదా, పన్నులు! నీ దగ్గరికి ఏడుస్తూ వచ్చి నవ్వుతూ వెళ్తారు. నా దగ్గరికి నవ్వుతూ వచ్చి ఏడుస్తూ వెళ్తారు. అంతే తేడా."

"వెటకారం తర్వాత, బావగారూ. ముందు దారి చెప్పండి."

ఆయన నోటీసు చదివి కళ్లజోడు తీశాడు. "కాయిన్లు నీ చేతికొచ్చిన రోజు వాటి ధర ఎంతో, అదంతా నీ ఆదాయం. రిటర్నులో చూపించావా?"

"చేతికెక్కడొచ్చాయి? ఫోన్లో అంకె మారింది, అంతేగా."

"జీతం పడినా ఫోన్లో అంకె మారడమే కదమ్మా. చూపించావా, లేదా?"

డాక్టరమ్మ తన గోళ్లవైపు చూసుకుంది.

"సరే, అర్థమైంది. ఇప్పుడు ఆయన అడిగినట్టు తిరిగిచ్చేశావనుకో..."

"పీడా విరగడవుతుంది."

"అవ్వదు. ఇచ్చెయ్యడం కూడా అమ్మినట్టే లెక్క. ఆ రోజు ధరకీ ఈ రోజు ధరకీ మధ్య పెరిగిందంతా నీ లాభం కింద వస్తుంది. దాని మీద పన్ను."

"కాయిన్లు ఆయనకీ, పన్ను నాకూనా?"

"పళ్లు కూడా నీకే. ఆయన తిరిగిచ్చేస్తానంటున్నాడుగా!"

అక్క వంటింట్లోంచి ఫక్కున నవ్వింది. డాక్టరమ్మ పళ్లు నూరుకుంటూ ఇంటికెళ్లి, తెలిసినవాళ్ల ద్వారా ఒక లాయరును కుదుర్చుకుంది. ఆయన ప్రతి వాదనకూ ముందు ఒకసారి గట్టిగా దగ్గుతాడు కాబట్టి ఆయన్ను దగ్గు లాయరంటారు. వార్తలాయన తరఫు లాయరు నోటికంటే చేతులు ఎక్కువ వాడతాడు.

మొదటి వాయిదాలో ఆ చేతుల లాయరు లేచాడు.

"మేడమ్, కాయిన్ అంటే డబ్బు కాదు. అది వస్తువు. నా క్లయింటు ఒక ఆవునిచ్చి పళ్లు పెట్టించుకున్నాడనుకోండి. పళ్లు పనికిరాలేదు. అప్పుడు ఏం చెయ్యాలి? పళ్లు అటు, ఆవు ఇటు. ఈలోపు ఆవు ఈనితే దూడ కూడా ఇటే!" చేతులతో ఆవునూ దూడనూ గాల్లో గీసి చూపించాడు.

దగ్గు లాయరు దగ్గాడు. "కాయిన్ అంటే పేరులోనే ఉంది మేడమ్, డబ్బు. డబ్బిచ్చి కొన్నది తిప్పిస్తే ఇచ్చినంతే వస్తుంది. ఇక్కడ ఆవూ లేదు, దూడా లేదు."

కోర్టు అధ్యక్షురాలు నుదురు రుద్దుకుంది. ఫ్రిజ్జులు, సెల్‌ఫోన్లు, కుట్టు చెడిన సూట్‌కేసులు ఆమెకు కొట్టినపిండి. ఈ కాయిన్ ఏ జాతిదో ఆమె ముందున్న ఏ పుస్తకమూ తేల్చి చెప్పడం లేదు. కాస్త తెలిసిన నిపుణుణ్ణి పిలిపించమని చెప్పి వాయిదా వేసింది. తర్వాతి వాయిదాకు నిపుణుడు రాలేదు. ఆ తర్వాత నిపుణుడొచ్చాడు కానీ ఫైలు రాలేదు. ఇంకోసారి ఇద్దరూ వచ్చారు. నిపుణుడు, "కొందరు డబ్బంటారు, కొందరు వస్తువంటారు, చట్టం ఇంకా ఆలోచిస్తోంది" అని చెప్పి తన ప్రయాణ ఖర్చులు అడిగి వెళ్లిపోయాడు.

ఈ వాయిదాల మధ్యలో కాయిన్ కంపెనీవాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారని ఒక పుకారు పుట్టింది. నిచ్చెనెక్కిన ధర మెట్లు వెతుక్కోకుండా ఒకేసారి కిందికి దూకింది. నలభై కాయిన్లూ కలిపితే డాక్టరమ్మ మొదటి ఫీజులో పావు వంతుకు చేరాయి.

మళ్లీ కేసు పిలిచిన రోజు చేతుల లాయరు ముందుగా లేచాడు.

"మేడమ్, మనం అసలు విషయం మరిచిపోతున్నాం. కాయిన్ అంటే డబ్బు! ఆ రోజు నా క్లయింటు ఎంత విలువ ఇచ్చాడో, అంత విలువా ఆయనకు తిరిగి ముట్టాలి."

దగ్గు లాయరు దగ్గడం కూడా మరిచిపోయి లేచాడు. "అదెలా కుదురుతుంది? ఆవు ఆవే. కాస్త చిక్కింది, నిజమే. ఆయన ఆవును ఆయన నిక్షేపంగా తోలుకుపోవచ్చు!"

అధ్యక్షురాలు పెన్ను కింద పెట్టింది. "ఒక్క నిమిషం. మొదటి వాయిదాలో ఆ ఆవు అటువైపు కట్టేసి ఉండాలి కదండీ? ఇటెప్పుడొచ్చింది?"

కోర్టు హాలంతా నవ్వింది. టైపిస్టు కూడా తలొంచుకుని భుజాలు కదిపాడు. లాయర్లిద్దరూ కాగితాలు సర్దుకున్నారు.

"నేను డబ్బంటే డబ్బు, వస్తువంటే వస్తువు. ఏదో ఒకటి రాస్తాను" అంది ఆమె. "కానీ ముందొకటి చెప్పండి. మీరిద్దరూ ఈ కాయిన్లను పన్ను లెక్కల్లో చూపించారా?"

డాక్టరమ్మ ఫ్యాను వంక చూసింది. వార్తలాయన కిటికీ వంక చూశాడు.

"అదీ సంగతి. నా ఆర్డరు కాపీ ఎవరైనా చదవొచ్చు, పన్నులవాళ్లు కూడా. భోజనాల తర్వాత మళ్లీ పిలుస్తాను. ఈలోపు మనుషుల్లా కూర్చుని మాట్లాడుకోండి."

లాయర్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని క్యాంటీనుకు నడిచారు. వరండాలో ఒక చెక్కబెంచీ ఉంది. ఆ చివర డాక్టరమ్మ, ఈ చివర వార్తలాయన కూర్చున్నారు. మధ్యలో నలుగురు పట్టేంత కోపం ఉంది.

ఎదురుగా గోడకు ఒక బోర్డు వేలాడుతోంది. అక్షరం కనపడితే పైకి చదవడం వార్తలాయనకు జీవితకాలపు అలవాటు. పెదాల మధ్యే మొదలుపెట్టాడు. "సాక్షులు తమను పిలిచేవరకు నిశ్శబ్దంగా..." అక్కడ ఆగాడు. మళ్లీ మొదటికి వెళ్లాడు. 'సాక్షులు' దగ్గర సన్నగా ఈల వచ్చింది. 'నిశ్శబ్దంగా' దగ్గర ఇంకాస్త పెద్ద ఈల వచ్చింది. మూడోసారి ప్రయత్నించి, పక్కన ఎవరైనా విన్నారేమోనని చూసుకుని నోరు మూసుకున్నాడు.

డాక్టరమ్మ విన్నది. ఇన్నాళ్లూ ఆయన మాటల్లో కాయిన్లే విన్నది గానీ అక్షరాలు వినలేదు. చెవుల్లోంచి ఏదో అడ్డు తీసేసినట్టయింది.

"ఎప్పుడూ ఇలాగే ఉందా అండీ?"

"మా ఆవిడకి చూపు ఆనదమ్మా. సాయంత్రం పూట పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఈ పళ్లొచ్చాక మానేశాను. ఎందుకు మానేశావని ఆవిడ అడగలేదు. అడిగినా బాగుండేది."

"మరి నాకీ మాట చెప్పలేదేం?"

"చెప్పాను. అలవాటైపోతుందన్నారు."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. అవును, అన్నది. చెప్పుల సంగతి కూడా కలిపి అన్నది. ఆ రోజు ఆయన నోట్లో చూసింది తప్ప, ఆయన్ని కూర్చోబెట్టి రెండు వాక్యాలు చదివించలేదు.

"తప్పు నాదే" అంది. తర్వాత ఉండబట్టలేక, "కానీ మీరు కూడా ధర పెరిగాకే కదండీ పళ్లు పట్టుకొచ్చారు?" అని కూడా అంది.

వార్తలాయన తల గోక్కున్నాడు. "ఆశ పుట్టిందమ్మా. దాచడమెందుకు? ఉద్యోగం చేసే రోజుల్లో రేడియోవాళ్లు అంత డబ్బు చూపించుంటే నేను వార్తలు పాటలా పాడేవాణ్ణి."

డాక్టరమ్మకు నవ్వాగలేదు. "లేవండి" అంది.

"ఎక్కడికి?"

"మా క్లినిక్కి. రెండు వీధులవతలే. భోజనాల టైము అయిపోయేలోపు వచ్చేద్దాం."

కుర్చీలో కూర్చోబెట్టి, సెట్టు కడిగి ఆరబెట్టి, అంగిలికి ఆనుకునే భాగమంతా తెల్లటి పొడి పలుచగా చల్లింది. జాగ్రత్తగా నోట్లో పెట్టి, "'స' అనండి, ఒక్కసారే" అంది. ఆయన అన్నాడు. తీసి దీపం కింద తిప్పి చూసింది. నాలుక తగిలిన చోట పొడి చెరిగింది. ముందు పళ్ల వెనక, ఎడమ పక్కగా, చెరగాల్సినదానికంటే ఎక్కువ చెరిగింది. అక్కడ దళసరిగా ఉంది, వెంట్రుకవాసి అంతే. ఆ వెంట్రుకవాసి కోసమే ఇద్దరూ కోర్టు మెట్లు అరగదీశారు.

చిన్న రాయితో అరగదీసింది. పొడి చల్లింది, 'స' అనిపించింది, చూసింది. మళ్లీ అరగదీసింది. నున్నగా మెరుగు పెట్టి నోట్లో కూర్చోబెట్టింది.

"ఇప్పుడు 'సుశిక్షితుడు' అనండి."

వార్తలాయన గొంతు సవరించుకున్నాడు. "సుశిక్షితుడు" అన్నాడు. మళ్లీ అన్నాడు, కాస్త గట్టిగా. బయట వెయిటింగ్ రూములో పత్రిక తిరగేస్తున్న ఒకావిడ తలెత్తి, ఎవరు రేడియో పెట్టారా అని చూసింది. డాక్టరమ్మ చేతిలో పనిముట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన మాత్రం చేతి అద్దం అడిగి, అందులో పళ్లు చూసుకోకుండా కళ్లు తుడుచుకున్నాడు.

కోర్టుకు ఆలస్యంగా చేరారు. లాయర్లు మళ్లీ ఆవును బయటికి తీసే లోపలే వార్తలాయన లేచి, "మేము రాజీపడ్డామండీ. పళ్లు నాకు, కాయిన్లు డాక్టరమ్మకు. ఇద్దరం పన్ను లెక్కలు సరిచేసుకుంటాం" అని చెప్పాడు. ఆ గొంతుకి అధ్యక్షురాలు కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మరి అది డబ్బా, వస్తువా అన్నది తేల్చనక్కర్లేదా?"

"మాకైతే అక్కర్లేదండీ."

"బతికించారు" అని ఆమె ఫైలు మూసేసింది. "ఆ ప్రశ్న రేపో మాపో ఇంకెవరో తెస్తార్లెండి."

తెమలనిది ఒక్క బావగారి వ్యవహారమే. ఆయన ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, పండగ భోజనానికి కూర్చున్నంత ఉత్సాహంగా చేతులు రుద్దుకున్నాడు.

"అయ్యగారూ, ప్రకటన చదివినందుకు కాయిన్లొచ్చాయి, అది మీ ఆదాయం. వాటిని పళ్లకిచ్చేశారు, అది అమ్మకం కిందికొస్తుంది. అమ్మినప్పుడు ధర కాస్త పెరిగుంది, అది మీ లాభం. రెండు చోట్ల పన్ను. మరదలా, నువ్వు ఫీజుగా తీసుకున్నావు, ఆ రోజు ధర నీ ఆదాయం. ఆలస్యానికి అపరాధ రుసుము అదనం."

"ఆ రోజు ధరలో ఇప్పుడు పావు వంతే మిగిలింది కదా, బావగారూ! ఇవన్నీ అమ్మినా ఆ పన్నుకే చాలవు."

"చాలవు."

"పోనీ ఈ నష్టాన్ని క్లినిక్ ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చా?"

"వీల్లేదు. ఈ విషయంలో చట్టం అచ్చం మా పెత్తల్లిలాంటిది. లాభమొస్తే ఇంటికొచ్చి పలకరిస్తుంది. నష్టమొస్తే వీధిలో కనపడినా మొహం తిప్పుకుంటుంది."

వార్తలాయన పగలబడి నవ్వాడు. డాక్టరమ్మ కూడా నవ్వి, చెక్కు పుస్తకం తీసింది. కట్టేశాక మాత్రం, ఎన్నాళ్లుగానో చెప్పులో నలుగుతున్న రాయి తీసి పారేసినంత హాయిగా అనిపించింది.

వారం తర్వాత వార్తలాయన భార్య ఫోన్ చేసింది. "మీకో దండం డాక్టరమ్మా. మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆపడం నా తరం కావడం లేదు. నిన్న టెండరు ప్రకటనలు కూడా చదివి వినిపించారు" అంది. ఫిర్యాదులాగే మొదలుపెట్టింది కానీ, గొంతులో సంబరం దాగలేదు.

డాక్టరమ్మ తన దగ్గరున్న నలభై కాయిన్లనూ అమ్మేసింది. డబ్బు బ్యాంకులో పడిన పూటే అక్కడి అమ్మాయి ఫోన్ చేసింది. మొత్తం చిన్నదే అయినా ఇలాంటి చోటి నుంచి వస్తే అడగాలని రూలట.

"మేడమ్, ఈ డబ్బు దేనికొచ్చిందో చెప్తారా?"

"కట్టుడు పళ్లకి."

"అంటే, బంగారు పళ్లా మేడమ్?"

డాక్టరమ్మ మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. ఆ అమ్మాయి మధ్యలో ఒకసారి "ఉండండి మేడమ్, మా మేనేజరుగారు కూడా వింటారట" అని స్పీకరు పెట్టింది. ఆవు దగ్గర అవతల ఇద్దరు కాదు, నలుగురు నవ్వారు. తీరా చూస్తే వాళ్ల కంప్యూటర్లో పళ్లకు తగిన గడి లేదు. 'ఇతరములు' అని నొక్కి వదిలేశారు.

ఆ డబ్బుకు ఇంకాస్త కలిపి వెయిటింగ్ రూములోకి మెత్తటి కుర్చీలు కొన్నది. అవి దించుతున్న రోజే బావగారు ఫోన్ చేశాడు.

"మరదలా, ఆ కాయిన్లు అమ్మేశావు కదా? కంపెనీవాళ్లు మళ్లీ ఫోన్లెత్తుతున్నారట. ఇవాళ ధర ఎంతకెళ్లిందో తెలుసా?"

"బావగారూ, ఇక్కడొకాయన అరగంట నుంచి నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఆయన దవడ నొప్పెట్టేలోపు నన్నొదలండి" అని డాక్టరమ్మ ఫోను పక్కన పడేసి, దీపాన్ని కాస్త కిందికి లాక్కుంది.